ముక్కలుగా దొరికిన అంతరిక్షం: తొలి స్పేస్‌సూట్లను నేలమీద ఎలా పరీక్షించారు

1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్ వోస్ఖోద్-2 నౌక నుంచి బయటికి వచ్చి, ఐదు మీటర్ల పైచిలుకు తాడు చివర దాదాపు 12 నిమిషాలు తేలుతూ గడిపారు. మనిషి నౌక గోడల రక్షణ వదిలి శూన్యంలోకి రావడం అదే మొదలు. తిరిగి లోపలికి వెళ్ళాల్సిన వేళకు ఆయన సూట్ ఉబ్బి బిగుసుకుపోయింది. వేళ్ళు గ్లౌజుల కొసల నుంచి వెనక్కి జారాయి, పాదాలు బూట్ల అడుగును వదిలేశాయి, తొడ దగ్గరున్న కెమెరా మీటను నొక్కడానికి చెయ్యి అందలేదు. చివరికి సూట్ లోపలి పీడనాన్ని 0.4 వాతావరణాల నుంచి (సముద్రమట్టంలో ఉండే గాలి పీడనం ఒక వాతావరణం) 0.27కు తగ్గించుకుని, కాళ్ళు ముందు పెట్టి దూరాల్సిన ఎయిర్‌లాక్ గొట్టంలోకి, అంటే నౌకలోని గాలి పోకుండా మనిషి బయటికీ లోపలికీ దాటే రెండు తలుపుల అరలోకి, తల ముందు పెట్టి దూరి, మీటరు వెడల్పు మాత్రమే ఉన్న ఆ ఇరుకులోనే ఒళ్ళు ముడుచుకుని వెనక్కి తిరిగి, తలుపు మూయగలిగారు.

ఈ ఘట్టం చాలామందికి తెలిసినదే. దాని వెనకున్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆ సూట్‌ను ముందే నేలమీది శూన్య గదిలో, 60 కిలోమీటర్ల ఎత్తున ఉండేంత పలచని గాలిలో పరీక్షించి చూశారు. అక్కడ కనిపించని ఇబ్బంది పైకి వెళ్ళాక ఎందుకు వచ్చింది? అంతరిక్షంలో ఉండేంత సంపూర్ణ శూన్యాన్ని నేలమీద సృష్టించడం అప్పట్లో సాధ్యం కాలేదు కాబట్టి అన్నది తరచుగా వినిపించే సమాధానం. లెక్క వేసి చూస్తే ఆ సమాధానం నిలవదు. 60 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగు వేలవ వంతు కన్నా తక్కువే. సూట్ లోపల 0.4 వాతావరణాల పీడనం ఉన్నప్పుడు, బయట ఆ కాస్త గాలి ఉన్నా, అదీ లేకపోయినా, సూట్ బట్టను లోపలి నుంచి తన్నే బలంలో వచ్చే తేడా వెయ్యిలో ఒక వంతు కూడా కాదు. కాబట్టి గదిలో శూన్యం చాలకపోవడం దీనికి కారణం కాదు. గదిలో లేనివి వేరే ఉన్నాయి, వాటిలో మొదటిది భారరహిత స్థితి.

తొలి స్పేస్‌సూట్ల పరీక్షల చరిత్ర అంతా ఈ చిక్కు చుట్టూ తిరుగుతుంది. శూన్యం ఒకచోట దొరికింది, భారం లేకపోవడం ఇంకొకచోట దొరికింది, ఎండ తాకిడి, చలి, నిజమైన ఎత్తు మరొకచోట దొరికాయి. అన్నీ ఒకేసారి, ఒకే మనిషి మీద, ఒకే సూట్ మీద పనిచేసే చోటు భూమ్మీద లేదు. ప్రతి పరీక్షా తన వాటాకు వచ్చిన ముక్క గురించి నిజమే చెప్పింది. ఆ ముక్కలు ఒకదానితో ఒకటి కలిసేచోట ఏం జరుగుతుందో మాత్రం ఏ ఒక్క పరీక్షా చెప్పలేకపోయింది.

వీటిలో అన్నిటికన్నా ముందు అర్థమైనది శూన్యం. రాకెట్లు రాకముందే విమానాలూ బెలూన్లూ ఆ పాఠం మొదలుపెట్టాయి. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గేకొద్దీ నీరు మరిగే వేడి తగ్గుతుంది. కొండమీద పప్పు ఉడకడానికి ఆలస్యమయ్యేది అందుకే. సుమారు 19 కిలోమీటర్ల ఎత్తున ఆ మరుగు స్థానం 37 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే మనిషి ఒంటి వేడికి దిగిపోతుంది. అమెరికా సైనిక వైమానిక వైద్యుడు హ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుమీద దీన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ హద్దు అంటారు (చంద్రుడి మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు). ఆ ఎత్తు దాటితే కంటిలోని తడి, నోటిలోని లాలాజలం మరగడం మొదలుపెడతాయి. రక్తనాళాల గోడలు లోపలి రక్తాన్ని కొంత ఒత్తిడిలో ఉంచుతాయి కాబట్టి రక్తం వెంటనే మరగదు. అయినా ఊపిరితిత్తుల్లోని ప్రాణవాయువు బయటికి పోయి, మెదడుకు చేరే రక్తంలో అది కరవై, పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఒక్కటే ఉంటే ఇక్కడ చాలదు, ఒంటినంతా ఒత్తిడిలో ఉంచే తొడుగు కావాలి.

ఆ తొడుగును తొలినాళ్ళలో పరీక్షించిన చోట్లలో లండన్‌లోని ఒక అల్పపీడన గది ముఖ్యమైనది. 1933లో మార్క్ రిడ్జ్ అనే అమెరికన్ బెలూనిస్టు, శరీరధర్మ శాస్త్రవేత్త జె. ఎస్. హాల్డేన్ సహాయంతో, సీబ్ గోర్మన్ సంస్థ తయారుచేసే సముద్రపు డైవర్ల సూట్‌ను మార్చి వేసుకుని ఆ గదిలో కూర్చున్నారు. గదిలో గాలిని 25 కిలోమీటర్లకు అటూఇటూ ఉండే ఎత్తుకు సరిపడా తోడేశారు. మనిషి క్షేమంగా బయటికి వచ్చాడు. నీటి అడుగున బయటి ఒత్తిడిని తట్టుకోవడానికి పుట్టిన దుస్తులు, లోపలి ఒత్తిడిని ఆపడానికి కూడా పనికొస్తాయని తేలింది. సముద్రానికీ అంతరిక్షానికీ మొదలైన ఈ చుట్టరికం ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకో రూపంలో తిరిగి వస్తుంది.

మరుసటి ఏడు అమెరికాలో ఒంటికన్ను పైలట్ విలీ పోస్ట్, బి. ఎఫ్. గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో పనిచేసే రస్సెల్ కాలీతో కలిసి సూట్ కుట్టించుకున్నారు. మొదటిది నేలమీద గాలి నింపి చూస్తుండగానే చిరిగిపోయింది. రెండోది ఒంటికి ఎంత బిగుతుగా పట్టుకుందంటే, దాన్ని కోసి పోస్ట్‌ను బయటికి తీయాల్సి వచ్చింది. మూడోది పనిచేసింది. అది పైలట్ కూర్చునే భంగిమలోనే రూపుదిద్దుకున్నది, తలమీద గుండ్రని గాజు కిటికీ ఉన్న లోహపు హెల్మెట్, నిలబడటానికి వీలులేని కీళ్ళు. 1934లో ఆయన దాన్ని వేసుకుని షికాగో మీద 40,000 అడుగుల ఎత్తుకు ఎగిరారు. చిరిగిన మొదటి సూట్, కోసేసిన రెండో సూట్ ఆ తర్వాత వచ్చిన ఇంజనీర్లందరికీ ఎదురైన రెండు సమస్యలను ముందే చూపించాయి: గాలిని ఆపడం ఒకటి, ఆపిన గాలితో పాటు మనిషి కదలగలగడం రెండోది.

రెండోదే కష్టం. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టి దాన్ని మడవబోతే ఏమవుతుందో చేతులకు తెలుసు. గాలి నిండిన గొట్టాన్ని వంచితే లోపలి చోటు తగ్గుతుంది, తగ్గిన చోటులోకి గాలిని నొక్కడానికి కండబలం కావాలి, వదిలేస్తే గొట్టం మళ్ళీ నిటారుగా లేస్తుంది. సూట్‌లోని ప్రతి మోచేయీ, ప్రతి మోకాలూ, ప్రతి వేలి కణుపూ అలాంటి గొట్టమే. 0.4 వాతావరణాల పీడనం అంటే బట్టలోని ప్రతి చదరపు సెంటీమీటరు మీదా లోపలి నుంచి సుమారు 400 గ్రాముల బరువంత తోపు. ఒక్క అరచెయ్యంత మేర మీద అది 40 కిలోల దాకా అవుతుంది. పిడికిలి మూసిన ప్రతిసారీ దీనితో కుస్తీ పట్టాల్సిందే. పీడనం తగ్గిస్తే కదలిక తేలికవుతుంది. కానీ అంత తక్కువ పీడనంలో బతకాలంటే స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాలి, పైగా ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే రక్తంలో కరిగిన నత్రజని బుడగలై కీళ్ళనూ నరాలనూ పట్టేస్తుంది. లోతు నుంచి త్వరగా పైకొచ్చే డైవర్లకు వచ్చే జబ్బే ఇది. నత్రజనిని ఒంట్లోంచి బయటికి పంపడానికి ముందుగా ఆక్సిజన్ పీల్చుతూ గడపాలి. లియొనోవ్ తన సూట్ పీడనం తగ్గించుకున్నప్పుడు వెరచింది ఈ బుడగలకే. అప్పటికి చాలాసేపటి నుంచి ఆయన ఆక్సిజన్ పీల్చుతుండటం ఆయనకు కలిసొచ్చింది.

శూన్య గదిలో కూర్చుని ఉన్న మనిషికి బయట ఇంజనీర్లు, వైద్యులు, అత్యవసరంగా గాలి నింపే కవాటం ఉంటాయి. అవేవీ లేకుండా సూట్‌ను పరీక్షించిన చోటు బెలూన్. 1960 ఆగస్టు 16న అమెరికా వాయుసేన అధికారి జోసెఫ్ కిటింజర్ తెరిచి ఉన్న బుట్టలో 31 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి అక్కడి నుంచి దూకారు. ఎక్కుతుండగా కుడిచేతి గ్లౌజులో పీడనం నిలవడం లేదని ఆయనకు తెలిసింది. కింద ఉన్నవారికి చెబితే ప్రయోగం ఆపేస్తారని ఊరుకున్నారు. పైకి చేరేసరికి చెయ్యి రెట్టింపు వాచి, పనికిరాకుండా పోయింది. నేలకు దిగాక కొన్ని గంటల్లో అది మామూలైంది. ఏ వైద్యుడూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి ఇచ్చి ఉండేవాడు కాదు, కానీ దాని ఫలితం విలువైనది: శరీరంలో ఒక భాగం శూన్యానికి దగ్గరైన స్థితిలో గంటకు మించి ఉన్నా, మిగతా ఒళ్ళు ఒత్తిడిలో ఉంటే మనిషి బతుకుతాడు, చర్మం పగలదు, వాపు తగ్గుతుంది.

బెలూన్లలో ఇలాగే వెళ్ళిన మరో ఇద్దరికి ఆ అదృష్టం దక్కలేదు. 1961 మే 4న అమెరికా నౌకాదళానికి చెందిన మాల్కమ్ రాస్, వైద్యుడు విక్టర్ ప్రేథర్ తెరిచిన బుట్టలో 34.7 కిలోమీటర్లకు చేరి, అమెరికా తొలి మానవ నౌక మెర్క్యురీలో వెళ్ళే వ్యోమగాముల సూట్‌కు మూలమైన మార్క్-4 సూట్‌ను ఆ చలిలో, ఆ ఎండలో పరీక్షించారు. సూట్ చక్కగా పనిచేసింది. మెక్సికో సింధుశాఖలో దిగాక, హెలికాప్టర్ కొక్కెం నుంచి ప్రేథర్ జారి నీళ్ళలో పడ్డారు. అప్పటికే తెరిచిన ముఖపు అద్దంలోంచి సముద్రపు నీరు సూట్‌లోకి నిండి ఆయన మునిగి చనిపోయారు. మర్నాడే అలన్ షెపర్డ్ అమెరికా తరఫున తొలిసారి అంతరిక్షానికి వెళ్ళారు. 1962 నవంబరు 1న సోవియట్ దేశంలో వోల్గా బెలూన్ నుంచి, 28 కిలోమీటర్లకు మించిన ఎత్తున, ప్యోత్ర్ దొల్గోవ్ దూకబోతుండగా హెల్మెట్ అద్దం బుట్టకు తగిలి పగిలింది. సూట్‌లోని గాలి అంతా పోయింది, పారాచూట్ మాత్రం ఆయన ప్రాణంలేని ఒంటిని మెల్లగా నేలకు దించింది. ఈ మూడు ఘటనల్లోనూ దెబ్బ తిన్నవి సూట్ మధ్యభాగాలు కావు. గ్లౌజు, ముఖపు అద్దం, తెరిచి మూసే చోటు, అంటే సూట్ బయటి లోకాన్ని తాకే అంచులు. శూన్య గదిలో మనిషి దేనికీ తగలకుండా కూర్చుంటాడు కాబట్టి ఆ అంచులకు అక్కడ అసలైన పరీక్ష ఎదురుకాదు.

మనుషులకు ముందు జంతువులు ఆ దారి తొక్కాయి. 1950లలో సోవియట్ శాస్త్రవేత్తలు చిన్న కుక్కలకు పారదర్శకమైన హెల్మెట్లతో సూట్లు కుట్టి, 100 కిలోమీటర్ల దాకా ఎగిరే రాకెట్లలో పంపి, పైనుంచి పారాచూట్లతో దించారు. అంతరిక్షానికి వెళ్ళిన తొలి మనిషి యూరీ గగారిన్ ప్రయాణానికి ముందు, 1961 మార్చిలో రెండుసార్లు, ఆయన వేసుకోబోయే రకం సూట్ తొడిగిన బొమ్మను కక్ష్యలోకి పంపారు. దానికి పెట్టుకున్న ముద్దుపేరు ఇవాన్ ఇవానొవిచ్. పల్లెల్లో దిగితే జనం శవమనో గూఢచారి అనో భయపడకుండా, ముఖం మీద ‘నమూనా’ అనే అర్థమొచ్చే రష్యన్ మాట రాశారు. ఇక 1960ల మధ్యలో టెక్సాస్‌లోని బ్రూక్స్ వాయుసేన స్థావరంలో కుక్కలను ఏ సూట్ లేకుండానే శూన్యానికి గురిచేశారు. ఒళ్ళు ఉబ్బిపోయి, స్పృహ తప్పి పడిపోయిన ఆ జంతువులు, 90 సెకన్ల లోపు గాలి తిరిగి అందితే దాదాపుగా అన్నీ కోలుకున్నాయి. రెండు నిమిషాలు దాటితే చావులు ఎక్కువయ్యాయి. చదవడానికి మనసొప్పని ప్రయోగాలు ఇవి. అయినా సూట్ చిరిగితే కాపాడే వ్యవధి ఎంత అన్న లెక్క ఇక్కడి నుంచే వచ్చింది, తర్వాత శూన్య గదుల అత్యవసర ఏర్పాట్లన్నీ ఆ నిమిషంన్నరను దృష్టిలో పెట్టుకునే సాగాయి.

పరీక్ష గదులు వాటంతటవే ప్రమాదమన్న సంగతి ఇంకా బాధాకరంగా తెలిసింది. 1961 మార్చి 23న మాస్కోలో 24 ఏళ్ళ వాలెంతిన్ బొందరెంకో, గగారిన్‌తో పాటు ఎంపికైన తొలి బృందంలో అందరికన్నా చిన్నవాడు, ఆక్సిజన్ ఎక్కువగా నింపిన అల్పపీడన గదిలో ఏకాంత శిక్షణ ముగించే దశలో ఉన్నారు. ఒంటికి అంటించిన వైద్య పరికరాల చోట్లను ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడుచుకుని, ఆ దూదిని పక్కకు విసిరారు. అది కరెంటు పొయ్యి మీద పడింది. ఆక్సిజన్ నిండిన గాలిలో మంట ఒక్కసారిగా ఆయన బట్టలకు పాకింది. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా ఉన్నందువల్ల తలుపు తెరవడానికి నిమిషాలు పట్టాయి. కొన్ని గంటల తర్వాత ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. సోవియట్ ప్రభుత్వం ఈ సంగతిని 1986 దాకా బయటపెట్టలేదు. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 నౌక పరీక్షలో, నౌక నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండగా మంట చెలరేగి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. అక్కడ కూడా లోపలి ఒత్తిడి వల్ల తలుపు తెరుచుకోలేదు. మొదటి ప్రమాదం గురించి తెలిసి ఉంటే రెండోది ఆగేదని కచ్చితంగా అనడం సాధ్యం కాదు, ఆక్సిజన్‌తో మంటల ప్రమాదం అమెరికన్ ఇంజనీర్లకు తెలియనిదేమీ కాదు. కానీ ఒక పరీక్షలో పోయిన ప్రాణం చెప్పిన పాఠాన్ని పాతికేళ్ళు దాచిపెట్టడం, ఆ ప్రాణం పట్ల చేసిన అన్యాయమే.

ఇప్పుడు వోస్ఖోద్ దగ్గరికి తిరిగి వెళ్ళవచ్చు. సోవియట్ నౌకలోని పరికరాలు చల్లబడటానికి లోపల గాలి ఉండి తీరాలి. అందుకని అమెరికన్ జెమినీ నౌకలో లాగా నౌక గాలి మొత్తం వదిలేసి తలుపు తెరిచే వీలు లేదు. దీనికోసం మాస్కో పక్కనున్న తొమీలినోలో, సూట్ తయారుచేసిన సంస్థే, గాలితో బిగిసే గొట్టాల చట్రం ఉన్న మడతపడే ఎయిర్‌లాక్‌ను తయారుచేసింది. నౌకకు దాన్ని అంటించి పైకి వెళ్ళాక ఊదుతారు. మనిషి లేకుండా దాన్ని పరీక్షించడానికి 1965 ఫిబ్రవరి 22న కాస్మోస్-57 పేరుతో ఒక నౌకను పంపారు. ఎయిర్‌లాక్ విచ్చుకుంది. తర్వాత రెండు భూకేంద్రాల నుంచి ఒకేసారి వెళ్ళిన ఆదేశాలు కలగలిసి, నౌక వాటిని దిగిరమ్మన్న ఆదేశంగా తీసుకుని, అదుపుతప్పి, చివరికి తనను తాను పేల్చేసుకుంది. ఇంకో పరీక్ష నౌక సిద్ధం కావడానికి నెలలు పడుతుంది. ప్రధాన రూపకర్త సెర్గీ కొరొల్యోవ్ సంగతంతా లియొనోవ్‌కూ, నౌక నాయకుడు పావెల్ బెల్యాయెవ్‌కూ చెప్పారు. వాళ్ళు వెళ్తామన్నారు. నాలుగు వారాలు తిరక్కముందే వెళ్ళారు.

భారరహిత స్థితికి వాళ్ళు చేసిన సాధన అంతా టీయూ-104 విమానంలో. విమానం నిటారుగా ఎక్కి, విసిరిన రాయి దారిలో వంపు తిరిగి దిగుతుండగా, లోపలివాళ్ళకు పాతిక సెకన్లకు అటూఇటూ భారం ఉండదు. ఆ పాతిక సెకన్లలో ఎయిర్‌లాక్ నమూనాలోంచి బయటికి రావడం, మళ్ళీ దూరడం, తాడు చుట్టడం ముక్కలుగా విడగొట్టి నేర్చుకున్నారు. శూన్యం ఉన్న గదిలో బరువు ఉంది. పాదం బూటు అడుగున ఆనుకుని ఉంటుంది, భుజాల మీద సూట్ బరువు పడుతుంది, ఒళ్ళు సూట్‌లో ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. బరువు లేని విమానంలో చుట్టూ మామూలు గాలి, వ్యవధి అర నిమిషం లోపు. శూన్యంలో గట్టిపడిన సూట్, బరువు లేక ఆ సూట్‌లో పైకి తేలే ఒళ్ళు, ఆనుకోవడానికి ఏ ఆసరా లేక ప్రతి కదలికకూ సూట్‌తో పెనుగులాట, ఆ పెనుగులాటతో పుట్టే వేడి, చెమట, ఇవన్నీ కలిసి పది నిమిషాలు వరసగా సాగడం లియొనోవ్‌కు నిజంగా బయటికి వచ్చాకే ఎదురైంది. గదిలో చూడని బిగుసుకుపోవడం పైన కనిపించడానికి ఇదే సరైన వివరణ అనిపిస్తుంది. సూట్ పరీక్షలో తప్పు లేదు. సూట్, దాని లోపలి మనిషి కలిసి ఒకటే యంత్రం అన్నది పరీక్షకు అందని సంగతి.

నేలమీది పరీక్ష ప్రాణం కాపాడిన సందర్భం కూడా ఆ ఏడాదే వచ్చింది. 1965 జూన్ 3న జెమినీ-4 నుంచి ఎడ్ వైట్ బయటికి వచ్చి ఇరవై నిమిషాలకు పైగా తేలారు. లోపలికి వచ్చాక తలుపు గడియ పడలేదు. తలుపు పడకపోతే నౌక భూమికి దిగేటప్పుడు ఇద్దరూ బతకరు. సెయింట్ లూయీలోని శూన్య గదిలో సాధన చేస్తున్నప్పుడు సరిగ్గా ఇదే తలుపు ఇలాగే మొరాయించింది. ఆ రోజు నాయకుడు జిమ్ మెక్‌డివిట్ అంతటితో వదిలేయకుండా, మెకానిక్‌తో కూర్చుని గడియ యంత్రాన్ని విప్పించి, ఏ స్ప్రింగు ఎక్కడ ఇరుక్కుంటుందో చూసి పెట్టుకున్నారు. అంతరిక్షంలో చీకట్లో, గ్లౌజు తొడిగిన వేలితో ఆ పళ్ళచక్రాన్నే నొక్కి గడియ వేయించారు. పరీక్షలో వచ్చిన లోపాన్ని చిన్నదని వదిలేయకపోవడం వల్ల దక్కిన రెండు ప్రాణాలు అవి.

వైట్ సులువుగా, ఆనందంగా తేలడం చూసి అమెరికన్లు స్పేస్‌వాక్ తేలికేనని నమ్మారు. ఆయన చేసింది తేలడం, చేతిలోని చిన్న గ్యాస్ తుపాకితో తిరగడం. పనంటూ ఏమీ చేయలేదు. 1966 జూన్ 5న జెమినీ-9లో యూజీన్ సెర్నన్‌కు నిజమైన పని అప్పగించారు: నౌక వెనక్కి వెళ్ళి అక్కడ అమర్చిన ఎగిరే యంత్రాన్ని వీపుకు తగిలించుకోవాలి. రెండు గంటలకు పైగా ఆయన బయట ఉన్నారు. ఒక మీటను తిప్పబోతే మీట బదులు ఆయనే తిరిగారు. కాళ్ళకు పట్టు లేదు, చేతులకు పిడులు చాలలేదు. గుండె నిమిషానికి 180 దాకా కొట్టుకుంది. సూట్‌లో చల్లదనానికి ఉన్నది ఆక్సిజన్ ప్రవాహం ఒక్కటే, ఆయన ఒంట్లో పుడుతున్న వేడిని అది మోయలేకపోయింది. చెమట ఆవిరై ముఖపు అద్దం లోపలి వైపు మంచులా పట్టేసింది. ముక్కుతో అద్దాన్ని రుద్ది చేసుకున్న చిన్న కంతలోంచి చూస్తూ ఆయన లోపలికి రావాల్సి వచ్చింది. ఆ యంత్రంతో ఎగరడం జరగనే లేదు. సెప్టెంబరులో జెమినీ-11లో రిచర్డ్ గోర్డన్ కూడా ఇలాగే అలసిపోయి, అనుకున్నదానికన్నా చాలా ముందే వెనక్కి వచ్చారు.

ఇక్కడ దారి తప్పించింది విమానంలో చేసిన సాధనే. సెర్నన్ అదే పనిని విమానంలో చేసి చూసుకున్నారు, అక్కడ సాధ్యమైంది. ఎందుకు సాధ్యమైంది? ప్రతి ఇరవై ముప్పై సెకన్లకూ విమానం మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది, బరువు రెట్టింపవుతుంది, మనిషి నేలమీద కూలబడి ఊపిరి తీసుకుంటాడు, సహాయకులు పరికరాన్ని సరిచేస్తారు, తర్వాతి ఘట్టానికి కొత్త ఓపికతో మొదలుపెడతాడు. రెండు గంటల పనిని ఇరవై సెకన్ల ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కా తేలికే. అలసట ఆ ముక్కల మధ్యలో జారిపోతుంది. పరీక్ష చేసి చూశాం కదా అన్న నమ్మకం, పరీక్షే చేయకపోవడం కన్నా పెద్ద ప్రమాదమై కూర్చున్న సందర్భం ఇది.

దీనికి విరుగుడు బాల్టిమోర్ దగ్గర ఒక పాఠశాల ఈతకొలనులో ఉంది. మెక్‌డొనో స్కూల్‌లోని ఆ కొలనులో కొందరు పరిశోధకులు అప్పటికే సూట్ వేసుకున్న మనిషికి అక్కడక్కడా సీసపు బరువులు కట్టి, పైకి తేలకుండా, అడుగుకు మునగకుండా నీటి మధ్యలో నిలిపి, నౌక నమూనాల మీద పనిచేయిస్తున్నారు. సెర్నన్ తన ప్రయాణం తర్వాత అక్కడికి వెళ్ళి, పైన చేసిన పనినే నీళ్ళలో మళ్ళీ చేసి చూశారు. పైన ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఇక్కడా అక్కడే ఇబ్బంది వచ్చింది. ఒక పరీక్షను నమ్మవచ్చా అని తేల్చడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు: జరిగిన వైఫల్యాన్ని అది తిరిగి చూపించగలగాలి. కొలనుకూ తనవైన లోపాలు ఉన్నాయి. నీరు కదలికను అడ్డగిస్తుంది, కాబట్టి ఆగకుండా తేలిపోయే వస్తువులు అక్కడ ఆగిపోతాయి. సూట్ తేలుతున్నా లోపలి మనిషికి బరువు ఉంటుంది, తలకిందులైతే రక్తం తలకెక్కుతుంది. కానీ విమానం ఇవ్వలేనిది, తెగని గంటల వ్యవధిని, కొలను ఇచ్చింది.

బజ్ ఆల్డ్రిన్ 1966 శరత్కాలంలో ఆ కొలనులో సాధన చేసి, నవంబరులో జెమినీ-12లో వెళ్ళారు. పాదాలు దూర్చి నిలబడటానికి బిగించిన పాదరక్షలు, నడుముకు కట్టుకునే చిన్న తాళ్ళు, పట్టుకోవడానికి పిడులు, పని మధ్యలో ముందే నిర్ణయించిన విశ్రాంతి, ఇవన్నీ తోడయ్యాయి. మూడు విడతల్లో మొత్తం ఐదున్నర గంటలు, అందులో రెండు గంటల పైచిలుకు నౌక బయట తాడు మీద, మరలు విప్పుతూ, తీగలు కత్తిరిస్తూ, గుండె వేగం అదుపు తప్పకుండా గడిపారు. సూట్‌లో పెద్ద మార్పేమీ రాలేదు, మనిషిని నిలిపే పద్ధతి మారింది. హ్యూస్టన్‌లో ఇప్పుడున్న శిక్షణ కొలను 62 మీటర్ల పొడవు, 12 మీటర్ల లోతు. 2022 మార్చిలో రెండుసార్లు స్పేస్‌వాక్ చేసిన, హైదరాబాద్ మూలాలున్న రాజా చారితో సహా నాసా వ్యోమగాములు బయటికి వెళ్ళే ముందు గంటల తరబడి మునిగి పనిచేసేది అందులోనే.

మిగతా ముక్కలకు వేర్వేరు జవాబులు వచ్చాయి. ఇసుక రేణువంత ఉల్కల ముప్పు ఎంతో తెలుసుకోవడానికి అమెరికా 1965లో పెగాసస్ పేరుతో మూడు ఉపగ్రహాలను పంపింది. వాటి 29 మీటర్ల రెక్కల మీద పడే కంతలను లెక్కించి, సూట్ పై పొరలు ఎంత మందం ఉండాలో అంచనా వేయగలిగారు. వేడికి జవాబు ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో మొదలైన ఆలోచన నుంచి వచ్చింది: చర్మాన్ని ఆనుకుని ఉండే లోదుస్తుల నిండా సన్నని గొట్టాలు కుట్టి వాటిలో చల్లని నీరు పారించడం. చంద్రుడి మీదికి వెళ్ళే సూట్లలో అది భాగమైంది.

అపోలో సూట్లను పరీక్షించడానికి హ్యూస్టన్‌లో శూన్య గదులు కట్టారు. 1966 డిసెంబరు 14న అలాంటి ఒక గదిలో టెక్నీషియన్ జిమ్ లెబ్లాంక్ సూట్ వేసుకుని నిలబడి ఉండగా, సూట్‌కు గాలి అందించే గొట్టం ఊడిపోయింది. క్షణాల్లో సూట్ ఖాళీ అయింది. పద్నాలుగు సెకన్లకు స్పృహ తప్పి ఆయన వెనక్కి పడిపోయారు. మామూలుగా ఆ గదిలో గాలి మెల్లగా నింపుతారు. ఆ రోజు నిమిషంన్నర లోపే నింపేశారు, ఆక్సిజన్ మాస్కుతో సహాయకుడు పరుగున లోపలికి వెళ్ళాడు. లెబ్లాంక్ లేచి కూర్చున్నారు. చెవినొప్పి తప్ప ఆయనకు వేరే హాని జరగలేదు. స్పృహ పోయేముందు చివరగా గుర్తున్నదేమిటని అడిగితే, నాలుక మీద లాలాజలం బుడగలు కట్టడం అని చెప్పారు.